విదేశీ .22 రైఫిళ్ళు: అమెరికా తెలుగువారు తరచూ అడిగే ప్రశ్నలు

చెకోస్లొవాకియా కాలం నాటి బ్రనో, తూర్పు జర్మనీ నుంచి వచ్చిన జూల్, ఫిన్లండ్ సాకో, రుమేనియా శిక్షణ రైఫిల్ ఎం69. అన్నీ .22 రిమ్‌ఫైర్ రైఫిళ్ళే. వీటి తూటాలో నిప్పు రాజేసే మందు అడుగు అంచులోనే ఉంటుంది. మోత తక్కువ, కుదుపు తక్కువ, తూటా చవక. షాపులో వరసగా నిలబెట్టిన సాదా .22 మీద మనసు నిలవక ఇలాంటి అరుదైన వాటి కోసం గన్ షోలు తిరిగే మనవాళ్ళు డాలస్‌లోనూ ఉన్నారు, అట్లాంటాలోనూ ఉన్నారు.

అమెరికా చట్టం ఇక్కడ మూడు సంగతులు చూస్తుంది: కొనేది ఎవరు, తుపాకీ ఎక్కడ ఎప్పుడు తయారైంది, మీరు ఉండేది ఏ రాష్ట్రం. సేకరించేవాళ్ళంతా రెండో దానితో మొదలుపెడతారు, మజా అంతా అందులోనే ఉంది కాబట్టి. మనవాళ్ళు మాత్రం మొదటి దానితోనే మొదలుపెట్టాలి. ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగాల్సిన బోల్ట్ యాక్షన్ .22 అంత మెత్తగా చట్టం చూసే తుపాకీలు అరుదు. వీసా మీద ఉన్న మనిషి చేతిలో తుపాకీ అంటే మాత్రం అదే చట్టం చాలా కఠినంగా ఉంటుంది.

నేను హెచ్‌-1బి మీద ఉన్నాను. జీతం ఉంది, ఇల్లుంది, ఒక్క ట్రాఫిక్ టికెట్ కూడా లేదు. .22 కొనుక్కోవచ్చా?

మామూలుగా అయితే కొనకూడదు. నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1, బి-2 అన్నీ ఇందులోకే వస్తాయి. ఎన్నేళ్ళుగా పన్ను కడుతున్నారన్నది లెక్కలోకి రాదు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. నిజంగా వేటకు వెళ్ళాలన్న షరతు లేదు. కొనే రోజున డీలర్ దగ్గర ఫారం 4473 నింపుతారు. అందులో మీ వీసా సంగతి అడుగుతారు, మినహాయింపు ఉందా అని అడుగుతారు, ఐ-94 మీద ఉండే అడ్మిషన్ నంబరు రాయమంటారు. తర్వాత ఎఫ్‌బీఐ తనిఖీ జరుగుతుంది. మీ నివాసం ఫలానా రాష్ట్రంలో ఉందని చూపించే కాగితాలూ కావాలి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. లైసెన్స్ కొన్న రోజు ఒక్కటే ఉంటే చాలదు. అది ఏడాదికి ముగిసిందనుకోండి, మీరు మళ్ళీ తీసుకోలేదనుకోండి. బీరువాలో ఉన్న రైఫిల్‌ను మీరు ముట్టుకోకపోయినా ఆ రోజు నుంచి మీరు తప్పులో ఉన్నట్టే. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి 15 ఏళ్ళ దాకా జైలు. దానికి తోడు తుపాకీ నేరం ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం దేశం నుంచి పంపించేయడానికి విడిగా ఒక కారణం. ఇన్నాళ్ళు గ్రీన్‌కార్డు వరసలో నిలబడినవాళ్ళు 300 డాలర్ల రైఫిల్ కోసం ఆ వరస పోగొట్టుకోవాలా అంటే, నా మటుకు నేను వద్దనే అంటాను. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ అడ్డేమీ ఉండదు. బ్రనోలు అప్పటికీ దొరుకుతాయి.

కొనను. రేంజిలో అద్దెకు తీసుకుని ఓ పావుగంట కాలిస్తే ఏమవుతుంది?

చట్టం దృష్టిలో అదీ ఒకటే. తుపాకీ చేతిలో ఉంటే అది మీ స్వాధీనంలో ఉన్నట్టే. సొంతదా అద్దెదా అన్నది తేడా చేయదు.

ఈ విషయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హమీద్ రెహైఫ్ అనే ఎమిరేట్స్ విద్యార్థి ఎఫ్‌-1 మీద ఫ్లోరిడాలో చదివేవాడు. మార్కులు తగ్గి విశ్వవిద్యాలయం తీసేసింది. స్టేటస్ పోయింది. అలా ఉండగా ఒక రేంజికి వెళ్ళి కాల్చాడు. కేసు పెట్టారు, కింది కోర్టులో శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు, తాను ఆ నిషేధిత వర్గంలో ఉన్నానని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలి అంది. నిషేధం తప్పని మాత్రం అనలేదు. ఇప్పుడు ఇది చదివాక, నాకు తెలియదు అనే వాదన మీకు మిగలదు.

వేసవిలో బి-2 మీద వచ్చిన నాన్నగారిని సరదాగా రేంజికి తీసుకెళ్ళడం మనవాళ్ళలో మామూలైపోయింది. ఆయనకూ ఇదే నియమం. చాలా రాష్ట్రాలు పరాయి ప్రాంతంవాళ్ళకు కూడా కొద్దిరోజుల హంటింగ్ లైసెన్స్ అమ్ముతాయి. అది ముందు తీసుకుని, రేంజివాళ్ళకు చూపించి, అప్పుడు కాల్పించండి. మా దగ్గర వీసావాళ్ళకు అసలు ఇవ్వం అనే రేంజిలూ ఉన్నాయి. వాళ్ళతో వాదన పెట్టుకోకండి.

గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడు తన పేరు మీద కొని నాకిస్తాడు. డబ్బు నేనిస్తాను. సరేనా?

కాదు. అది నేరుగా జైలుకు దారి. ఫారం 4473లో మొదట అడిగే ప్రశ్నల్లోనే ఒకటి, అసలు కొనుగోలుదారు మీరేనా అని. అబద్ధం రాస్తే తుపాకీ ఎవరి చేతికి పోయినా నేరమే. బ్రూస్ అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు తన మామ కోసం మామ డబ్బుతోనే పిస్టల్ కొన్నాడు. ఇద్దరికీ తుపాకీ కొనే అర్హత ఉంది. అయినా 2014లో సుప్రీంకోర్టు అతని శిక్షను ఖాయం చేసింది. ఇక అర్హత లేనివాడి కోసం కొంటే 2022లో వచ్చిన చట్టం విడిగా మరో 15 ఏళ్ళ దాకా జైలు పెట్టింది.

కానుక వేరు. మీ సొంత డబ్బుతో కొని, అర్హత ఉన్న మనిషికి నిజంగా బహుమతిగా ఇస్తే తప్పు లేదు.

నేను సిటిజెన్‌ని. మా ఆవిడ ఇంకా ఎఫ్‌-1 మీదే ఉంది. ఇంట్లో తుపాకీ ఉండొచ్చా?

ఉండొచ్చు. కానీ తాళం, కోడ్ మీ దగ్గరే ఉండాలి. ఆమె ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉంటే ఆమె స్వాధీనంలో ఉన్నట్టే లెక్కగట్టే వీలుంది. దసరాకు ఆయుధపూజ చేసి రైఫిల్‌కు బొట్టు పెట్టే ఇళ్ళున్నాయి. ఆ బొట్టు కూడా మీరే పెట్టండి.

గొట్టం మీద ఏదో కంపెనీ పేరు, ఊరు, రాష్ట్రం పొడిచి ఉన్నాయి. అందం చెడిపోయింది. అరగదీయించవచ్చా?

అవి దిగుమతిదారు ముద్రలు. 1968 తుపాకీల నియంత్రణ చట్టం వచ్చాక బయటి నుంచి వచ్చే ప్రతి తుపాకీ మీదా తెచ్చిన సంస్థ పేరు, ఊరు, రాష్ట్రం ఉండాలి. తయారైన దేశం, క్యాలిబర్, సీరియల్ నంబరు కూడా కనిపించాలి. రుమేనియా ఎం69 మీద వెర్మాంట్ రాష్ట్రం పేరు పొట్టి అక్షరాల్లో కనిపించేది అందుకే. వాటిని తెచ్చిన సెంచురీ సంస్థ అప్పుడు అక్కడ ఉండేది. 2002 నుంచి ఎంత లోతుగా, ఎంత పెద్దగా చెక్కాలో కూడా కొలతలు పెట్టారు. అందుకే కొత్త దిగుమతుల మీద ముద్ర మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది.

సీరియల్ నంబరును చెరిపినా, చెరిపిన తుపాకీని తెలిసి దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరం. చాలా దిగుమతుల్లో ఆ నంబరు ఈ ముద్ర పక్కనే ఉంటుంది. పాలిష్ రాయి దగ్గరికి పోనివ్వకండి.

ముద్ర లేకపోతే అనుమానించాలా అంటే అక్కర్లేదు. సేకరించేవాళ్ళకు అదే సంబరం. 1945లో జర్మనీ నుంచి ఇళ్ళకు తిరిగొచ్చిన అమెరికా సైనికులు మౌజర్, వాల్తర్ కంపెనీల శిక్షణ .22లు సంచుల్లో వేసుకొచ్చారు. వాటి మీద దిగుమతి ముద్ర ఉండదు. 1968కి ముందు షాపులకు వచ్చినవాటి మీదా ఉండదు. ముద్ర లేని మౌజర్‌కు ధర ఎక్కువ పలుకుతుంది. కాబట్టి ముద్ర చెరిపేసి అమ్మేవాళ్ళూ ఉంటారు. గొట్టం మీద ఒకచోట నీలిరంగు తేడాగా ఉందా, లోహం పల్లంగా ఉందా అని వెలుతురులో వేలితో తడిమి చూడండి. వాటి మీద ఉండే నాజీ సంస్థల ముద్రలు చట్టానికి అడ్డు కావు. ధర కోసం అలాంటి ముద్రలు ఈమధ్య కొట్టినవీ తిరుగుతున్నాయి, అంతే.

సీరియల్ నంబరే లేదు. దొంగ సరుకా?

కానక్కర్లేదు. 1968కి ముందు .22 రైఫిళ్ళకు నంబరు తప్పనిసరి కాదు. అందుకే నంబరు లేని పాత .22లు దేశమంతా ఉన్నాయి, డీలరు ఫారంలో నంబరు లేదు అనే రాసుకుంటాడు. ఎప్పుడూ లేకపోవడం వేరు, ఉండి పోవడం వేరు. ఐరోపా కర్మాగారాలు సాధారణంగా నంబరు వేసేవి. కాబట్టి నంబరు కనిపించని జర్మన్ రైఫిల్ దొరికితే రెండోసారి చూడండి. కొన్నిచోట్ల కట్టె కిందా, బోల్ట్ మీదా కూడా నంబరు ఉంటుంది.

సి అండ్ ఆర్ లైసెన్స్ అంటే ఏమిటి? నాకు అవసరమా?

క్యూరియోస్ అండ్ రెలిక్స్, అంటే పాత వస్తువులు సేకరించేవాళ్ళ కోసం తుపాకుల ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే లైసెన్స్ ఇది. మూడేళ్ళకు 30 డాలర్లు. 21 ఏళ్ళు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళు దరఖాస్తు చేయొచ్చు. దరఖాస్తు నకలు మీ ఊరి పోలీసు అధికారికి పంపాలి.

లాభమేమిటంటే, మామూలుగా వేరే రాష్ట్రంలోని మనిషి దగ్గర తుపాకీ కొంటే ఒక డీలరు చేతి మీదుగానే తీసుకోవాలి. ఈ లైసెన్స్ ఉంటే, ఆ కోవలోకి వచ్చే పాత రైఫిల్ ఓహాయో నుంచి నేరుగా మీ గుమ్మానికి వస్తుంది. సేకరణ గట్టిగా చేసేవాళ్ళకు డీలరు రుసుములు తప్పుతాయి. ఏడాదికి ఒకటో రెండో కొనేవాళ్ళకు ఇది దండగ, ఎందుకంటే దీనికి బరువుంది. వచ్చినదీ పోయినదీ ప్రతిదీ ఒక రిజిస్టరులో రాయాలి. పోతే, దొంగతనం జరిగితే 48 గంటల్లో చెప్పాలి. ఏటీఎఫ్ ఏడాదికోసారి ఆ పుస్తకం చూడొచ్చు. ఇంటికి రమ్మనాలో, పుస్తకం పట్టుకుని మీరే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాలో ఎంచుకునే హక్కు మీది. ఈ లైసెన్స్‌తో వ్యాపారం చేయకూడదు. రాష్ట్ర నియమాలను ఇది దాటలేదు.

ఏది ఆ కోవలోకి వస్తుంది? తయారై 50 ఏళ్ళు నిండినది, అసలు రూపంలో ఉన్నది. ఈ లెక్క ప్రతిరోజూ కదులుతుంది. 1975లో చేసిన రైఫిల్ 2025లో ఈ గీత దాటింది. పాతదాన్ని కోసి, కొత్త కట్టె తగిలించి, స్కోపు రంధ్రాలు వేసి మార్చేసిన దానికి ఆ వెసులుబాటు పోయినట్టే అనుకోవాలి.

తేదీ ఎలా తెలుస్తుంది అన్నదే అసలు విద్య. అది తుపాకీ మీదే ఉంటుంది, చదవడం రావాలి. చెక్ రైఫిల్ మీద పరీక్ష ముద్ర పక్కన రెండంకెలు ఉంటాయి, 56 అంటే 1956. పశ్చిమ జర్మనీలో 1950ల తర్వాత ఏ నుంచి కె దాకా అక్షరాలను అంకెలుగా వాడారు. ఏ అంటే 0, బి అంటే 1, అలా ఐ అంటే 8. జె వదిలేశారు, కె అంటే 9. హెచ్‌బి అని పక్కపక్కన ఉంటే 71, అంటే 1971. పక్కనే ఉల్మ్ నగరం గుర్తుగా జింక కొమ్ము ఉంటుంది. అమ్మేవాడు 60లనాటిదండీ అన్నాడని నమ్మి వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకుంటే, ముద్ర ఐసి అని తేలితే, అది 1982. తప్పు మీ రిజిస్టరులో నమోదైపోతుంది. ముందే ఆ ముద్ర ఫొటో పంపమనండి. పంపనివాడి దగ్గర కొనకండి.

తాతల నాటి బెల్జియం బుల్లి రైఫిల్ ఒకటి చూశాను. దానికి కాగితాలేమీ అక్కర్లేదంటున్నాడు.

నిజం కావచ్చు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీయే కాదు, పురాతన వస్తువు. రిమ్‌ఫైర్ అయినా ఫరవాలేదు. ఇంటి హాల్లో గురి చూసి కాల్చుకోవడానికి ఐరోపాలో వాడిన ఫ్లోబెర్ రైఫిళ్ళలో ఈ కాలంవి చాలానే ఉన్నాయి. లీజ్ నగరం పరీక్ష ముద్ర కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అక్షరాలతో ఉంటుంది. 1893లో దాని మీద కిరీటం చేర్చారు. కిరీటం లేకపోతే ఆ తేదీకి ముందుదే. కిరీటం ఉంటే మాత్రం 1898 తర్వాతదీ కావచ్చు. అప్పుడు అమ్మేవాడి మాట చాలదు, వేరే ఆధారం కావాలి.

రాష్ట్రాలు కొన్ని ఈ మినహాయింపును ఇలాగే ఒప్పుకోవు. ఇంకో మాట, ఇది చట్టానికి సంబంధించింది కాదు: వీటి బ్రీచి బలహీనం. ఇవాళ్టి హైవెలాసిటీ .22 ఎల్‌ఆర్ అందులో పట్టిందని కాల్చేరు, కన్ను పోతుంది.

రష్యా, చైనా రైఫిళ్ళు నిషేధం కదా? గన్ షోలో ఎలా అమ్ముతున్నారు?

నిషేధం దిగుమతి మీద. ముందే సక్రమంగా వచ్చినవి ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

చైనా రైఫిళ్ళ దిగుమతిని క్లింటన్ ప్రభుత్వం 1994లో ఆపేసింది. నారిన్‌కో జేడబ్ల్యూ-15, అచ్చం బ్రనోలా ఉండేది, ఆ లోపు వచ్చిందే ఇప్పుడు చేతులు మారుతోంది. అదే రైఫిల్ ఆ తర్వాత కూడా కెనడాలో అమ్మారు, చవగ్గా. టొరంటోలో ఉన్న బావగారు కొని కారులో తెస్తానంటే వద్దని చెప్పండి. కెనడా నుంచి వచ్చినా అది చైనాలో తయారైనదే.

రష్యాతో 1996లో ఒక ఒప్పందం కుదిరింది. ఏ తుపాకులు రావచ్చో పేర్లతో జాబితా వేశారు. టోజ్-78, సీఎం-2 లాంటి .22లు అందులో ఉన్నాయి. 2014లో కలాష్నికోవ్ సంస్థపై ఆంక్షలు వచ్చాయి. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తుపాకులకు కొత్త దిగుమతి అనుమతులే ఇవ్వడం లేదు. ఇజ్‌మాష్ బయథ్లాన్ రైఫిల్, బోల్ట్‌ను వేలితో లాగి తెరిచి బొటనవేలితో మూసే ఆ చక్కటి యంత్రం, ఇప్పుడు పాత యజమానుల దగ్గరే దొరుకుతుంది. ధర చూసి కళ్ళు తిరుగుతాయి. మాగజైన్ విరిగితే ఇంకోటి దొరకడం ఇంకా కష్టం, అది లేకుండా కొనకండి.

చూడ్డానికి ఎం16లా, ఏకే-47లా ఉండే .22లు కనిపిస్తున్నాయి. అవి ఉంచుకోవచ్చా?

ఫిలిప్పీన్స్ స్క్వైర్స్ బింగమ్, ఇటలీ కంపెనీ అర్మి యేగర్ లాంటివి 1970, 80లలో ఇలాంటివి చేసి పంపాయి. ఆకారం సైన్యానిది, లోపల ఉడతల తూటా. 1989లో సైనిక తరహా సెమీ ఆటోమాటిక్‌ల దిగుమతికి గీత గీసినప్పుడు ఏటీఎఫ్ పెట్టుకున్న లక్షణాల్లో సెంటర్‌ఫైర్ తూటా, అంటే నిప్పు రాజేసే మందు అడుగు మధ్యలో ఉండేది, ఒకటి. అందుకని రిమ్‌ఫైర్ ఆ వల నుంచి తప్పించుకుంది.

అది ఫెడరల్ సంగతి. చిక్కంతా రాష్ట్రంలో ఉంది. కాలిఫోర్నియా ఆకారం లెక్కలు సెంటర్‌ఫైర్‌కే వర్తిస్తాయి, కానీ పది తూటాలకు మించిన మాగజైన్ కుదరదు. న్యూయార్క్‌లో విడదీసే మాగజైన్ ఉన్న సెమీ ఆటోకు పిస్టల్ పిడి లాంటి ఒక్క లక్షణం ఉన్నా చాలు, రిమ్‌ఫైర్ అయినా నిషేధంలో పడుతుంది. మామూలు సెమీ ఆటో కొనడానికి కూడా అక్కడ 2022 నుంచి లైసెన్స్ కావాలి, 21 ఏళ్ళు ఉండాలి. అదే బోల్ట్ యాక్షన్‌కు న్యూయార్క్ నగరం బయట ఆ బాధ లేదు. నగరంలో ఏ రైఫిల్‌కైనా పర్మిట్ ఉండాల్సిందే. ఎడిసన్‌లో ఉన్నవాళ్ళు న్యూజెర్సీ గుర్తింపు కార్డు లేకుండా ఏదీ కొనలేరు. అక్కడ గాలి తుపాకీ కూడా తుపాకీయే. ఇల్లినాయ్‌లో రాష్ట్రం ఇచ్చే ఫాయిడ్ కార్డు కావాలి. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఇవేమీ లేవు. ఉద్యోగం మారి టెక్సస్ నుంచి న్యూజెర్సీ వెళ్ళేవాళ్ళు సామాను సర్దే ముందే కొత్త రాష్ట్రం నియమాలు చూసుకోవాలి.

మొదటి సేకరణ బోల్ట్ యాక్షన్‌తో మొదలుపెట్టమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఏ రాష్ట్రానికి మారినా తలనొప్పి తక్కువ.

జర్మనీలో వేలంలో మంచి అన్‌షుట్జ్ ఉంది. నేనే తెప్పించుకోవచ్చా?

లైసెన్స్ లేని మనిషి నేరుగా తెప్పించుకోలేడు. లైసెన్స్ ఉన్న దిగుమతిదారు మీ తరఫున ఏటీఎఫ్ ఫారం 6 పెట్టాలి, ఆమోదం వచ్చాకే సరుకు కదలాలి. అవతలి దేశం ఎగుమతి అనుమతి వేరే. ఏదో ఒక సైన్యం వాడిన మిగులు తుపాకీ అయితే మరో అడ్డు ఉంది, అది పాతవాటి కోవలోకి వస్తేనే రానిస్తారు. ఒక్క రైఫిల్‌కు ఇంత ఖర్చు గిట్టదు. అమెరికాలో ఇప్పటికే ఉన్నది వెతుక్కోండి.

ఎక్కడ కొన్నా గొట్టం 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. పిల్లల కోసం చేసినవీ, మడతపెట్టేవీ కొనేటప్పుడు టేపు పెట్టి కొలవండి.

నా దగ్గరున్నవి అమ్ముకోవచ్చా?

మీ సేకరణ నుంచి అప్పుడప్పుడు అమ్మడం వ్యాపారం కాదు. లాభం కోసం కొని వెంటనే తిప్పడం వ్యాపారం, దానికి డీలరు లైసెన్స్ కావాలి.

ఇండియాకు తిరిగి వెళ్ళిపోతున్నాను. రైఫిల్ తీసుకెళ్ళొచ్చా?

.22 రిమ్‌ఫైర్ మన దేశంలో నిషేధిత బోరు కాదు. మన ఊళ్ళలో పాత లైసెన్సుదారుల ఇళ్ళలో బ్రనో .22లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ముందు ఆయుధ లైసెన్స్, ఆపైన దిగుమతి అనుమతి, అమెరికా వైపు ఎగుమతి నియమాలు, తర్వాత సుంకం. 2019 సవరణతో ఒక మనిషికి రెండు ఆయుధాలే. పోటీల్లో పాల్గొనే షూటర్లకు వేరే దారులున్నాయి. మిగతావాళ్ళు ఇక్కడే అమ్మేసి వెళ్ళడం మంచిది.

రైఫిల్ కంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది తూటా. రేంజికి తీసుకెళ్ళిన వీపుసంచినే సెలవులకు శంషాబాద్ విమానానికీ తీసుకెళ్తారు. జేబు కుట్టు దగ్గర ఒక్క .22 ఇరుక్కుని ఉంటుంది, వేరుశనగ గింజకంటే కాస్త పెద్దది. తిరుగు ప్రయాణంలో స్కానర్ పట్టేస్తుంది. ఆయుధాల చట్టం కింద కేసు, పోలీస్ స్టేషన్, తప్పిపోయిన విమానం, ఆపైన హైకోర్టు. తెలిసి దగ్గర పెట్టుకోవడమే నేరమని మన సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, మరిచిపోయి తెచ్చినవాళ్ళపై పెట్టిన ఇలాంటి కేసులు హైకోర్టుల్లో కొట్టేసినవి చాలానే ఉన్నాయి. కానీ కొట్టేసే దాకా వీసా స్టాంపింగ్, ఉద్యోగం మీ కోసం ఆగవు కదా. రేంజికి ఒక సంచి విడిగా పెట్టుకోండి. దాన్ని విమానం ఎక్కించకండి.